ఓవర్‌డ్రైవు: బలమా, విశ్రాంతియా?

(పాఠశాల వార్షికోత్సవమున ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగము)



ఈ హోసూరు ప్రాంతమున పుట్టి, ఈ పాఠశాల బల్లలమీదనే అక్షరములు దిద్దినవాడను నేను. నేడు ఇదే వేదికపై నిలిచి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. పద్యములు చదివి మిమ్ము రంజింపజేయు శక్తి నాకు లేదు. ముప్పది యేండ్లుగా మోటారు బండ్ల నడుమ, నూనె మరకల నడుమ బ్రతుకుచున్నవాడను. ఇప్పుడు ఒక వృత్తివిద్యాలయమున పిల్లలకు బండిపని నేర్పుచున్నాను. కావున నాకు తెలిసిన బండిని గూర్చియే మాటాడుదును. మీరు ఓపికతో వినవలెనని ప్రార్థన.

ప్రతి సంవత్సరము మా తరగతికి వచ్చు క్రొత్త విద్యార్థులను నేనొక ప్రశ్న అడుగుదును: “ఓవర్‌డ్రైవు అనగా నేమి?” పెక్కుమంది వెంటనే, “బండికి అదనముగా బలమిచ్చునది, సార్!” అని యుత్తరమిత్తురు. ఆ పేరే వారినట్లు భ్రమింపజేయుచున్నది. పేరులో ‘ఓవర్’ అని యున్నది గావున అదేదో గొప్ప శక్తి కావలెనని వారి ఊహ. నిజము దీనికి సరిగా ఎదురుగా నున్నది. ఓవర్‌డ్రైవు బలమీయదు, బలమును తగ్గించును. బలము అక్కరలేనిచోట ఇంజనునకు విశ్రాంతి నిచ్చును. ఈ ఒక్క మాటను తెలియకపోవుటచే ఇంజనులు చెడుచున్నవి, పెట్రోలు వృథా యగుచున్నది, ఒక్కొక్కప్పుడు ప్రాణములకే ముప్పు వచ్చుచున్నది. అందువలననే నేడు ఈ విషయమును ఎన్నుకొంటిని.

మొదట, అసలు గేరులతో పనియేమో చూతము. ఇంజనుకొక స్వభావము కలదు. అది మిక్కిలి మెల్లగా తిరిగినచో చాలినంత బలమీయలేదు. మిక్కిలి వడిగా తిరిగినచో వేడెక్కి అరిగిపోవును. ఈ రెంటి నడుమ నున్న కొంత మేరలోనే అది సుఖముగా పనిచేయగలదు. కాని బండి యవసరములు అట్లు ఒక మేరలో నుండవు. నిలిచియున్న బండిని కదల్చుటకు వేగము వలదు, బలము వలయును. సమతలమైన బాటపై పరుగెత్తుచున్న బండికి బలము అంతగా వలదు, వేగము వలయును. ఇంజనునకును చక్రములకును నడుమ నిలిచి ఈ రాయబారము నెరపునది గేరుపెట్టె.

దృష్టాంతముల కొరకు మనము దూరము పోనక్కరలేదు. మన పల్లెలలో ఎద్దులతో త్రిప్పెడి చెరకు గానుగను పెద్దలు చూచియుందురు. ఎద్దులు పొడవైన దూలమునకు కట్టబడి పెద్ద వలయముగా నడచును. నడుమనున్న ఇనుప దిమ్మెలు మాత్రము మెల్లగా తిరుగును. ఎద్దులు నడచిన దూరము ఎక్కువ, దిమ్మె అంచు సాగిన దూరము తక్కువ. కాని ఆ దిమ్మెల నడుమ పడిన చెరకు పిప్పి యగును. వేగమును వెలగా నిచ్చి బలమును కొనుట యిది. బండిలో మొదటి గేరు చేయు పని యిదియే.

రాట్నము దీనికి వ్యతిరేకము. మా అవ్వ రాట్నము ముందు కూర్చుండి పెద్ద చక్రమును ఒక్కమారు త్రిప్పిన, కదురు గిరగిర అనేక చుట్లు తిరిగెడిది. కాని అంత వడిగా తిరుగు ఆ కదురును చిన్నపిల్లవాడు రెండు వ్రేళ్లతో పట్టిన ఆగిపోయెడిది. నేనట్లు పట్టి అవ్వచేత మొట్టికాయలు తిన్నవాడను! బలమును వెలగా నిచ్చి వేగమును కొనుట యిది. పిల్లలారా, ఈ మాట గుర్తుంచుకొనుడు: ఓవర్‌డ్రైవు అనునది బండిలోని రాట్నము.

గానుగకును రాట్నమునకును నడుమ, ఇచ్చుటయు కొనుటయు లేని స్థానమొకటి కలదు. ఇంజను ఒక చుట్టు తిరిగిన, గేరుపెట్టెనుండి వెలువడు కడ్డీయు సరిగా ఒకే చుట్టు తిరుగును. దీనిని నేరు గేరు అందుము. దీని నిష్పత్తి 1. మీ తల్లిదండ్రులు ఎక్కిన అంబాసిడర్ కారు చిరకాలము నాలుగు గేరులతోనే నడచెను. ఆ నాలుగవది ఈ నేరు గేరే. ఇంజను ఒక చుట్టుకంటె తక్కువ తిరిగియే ఆ కడ్డీని ఒక పూర్తి చుట్టు త్రిప్పినచో నిష్పత్తి 1 కంటె తక్కువ యగును, 0.8 అనుకొందము. అది ఓవర్‌డ్రైవు. ఇచట ఒక సందేహము రావచ్చును: అట్లయిన చక్రములు ఇంజనుకంటె వడిగా తిరుగునా? తిరుగవు. గేరుపెట్టె తరువాత ఇరుసుకడ నున్న పండ్లచక్రములు మరల వేగమును మూడు నాలుగింతలు తగ్గించును. ఓవర్‌డ్రైవు అను పేరు గేరుపెట్టె లోపలి లెక్కకు మాత్రమే చెందినది.

ఇప్పుడు చిన్న లెక్క చేయుదము. బండిచక్రము చుట్టుకొలత 2 మీటర్లు అనుకొనుడు. బండి గంటకు 84 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. అనగా నిమిషమునకు 1,400 మీటర్లు. చక్రము నిమిషమునకు 700 చుట్లు తిరుగును. ఇరుసుకడ నిష్పత్తి 4 అయినచో నేరు గేరులో ఇంజను నిమిషమునకు 2,800 చుట్లు తిరుగవలెను. 0.8 ఓవర్‌డ్రైవులో 2,240 చుట్లు చాలును. భేదము నిమిషమునకు 560 చుట్లు. గంటకు 33,600 చుట్లు! బండి అదే వేగముతో పోవుచున్నది, అదే దూరము సాగుచున్నది. ఇంజనునకు మాత్రము గంటకు 33,600 చుట్ల శ్రమ తప్పినది. శబ్దము తగ్గును, అదురు తగ్గును, అరుగుదల తగ్గును.

“చుట్లు తగ్గినను బండిని నడుపుటకు వలయు పని తగ్గలేదు గదా, మరి పెట్రోలు ఎట్లు మిగులును?” అని బుద్ధిమంతులైన విద్యార్థులు అడుగుదురు. అడుగదగిన ప్రశ్న. ఇంజను తిరుగు ప్రతి చుట్టునకును లోపల రాపిడి యను పన్ను చెల్లింపవలసి యుండును. అదిగాక, పెట్రోలు ఇంజను అల్పభారముతో నడచునప్పుడు గాలి లోపలికి పోవు ద్వారము చాలవరకు మూయబడి యుండును. ఆ సన్నని సందునుండి గాలిని పీల్చుట ఇంజనునకు గొప్ప ప్రయాస. ఓవర్‌డ్రైవులో చుట్లు తగ్గుటచే పన్ను తగ్గును. తక్కువ చుట్లలో అదే పని చేయవలసివచ్చుటచే ఆ ద్వారము మరికొంత తెరువబడి పీల్చు ప్రయాసయు తగ్గును. మిగిలినది మన జేబులో పడును.

ఇక దీని నిర్మాణము. పూర్వము ఓవర్‌డ్రైవు గేరుపెట్టె వెనుక అమర్చెడి ప్రత్యేక యంత్రము. దానిలో నడుమ నొక సూర్యచక్రము, దాని చుట్టు తిరుగు గ్రహచక్రములు, వాని నన్నిటిని చుట్టుకొని లోపలివైపు పండ్లుగల వలయచక్రము ఉండును. పేర్లు ఎంత అందముగా నున్నవో చూడుడు! సూర్యుని కదలకుండ పట్టి, గ్రహములను మోయు చట్రమును ఇంజను బలముతో త్రిప్పినచో, వలయచక్రము ఆ చట్రముకంటె వడిగా తిరుగును. కారణము మీరు బాటపై చూచినదే. ఎద్దుబండి చక్రము దొర్లునప్పుడు నేలను తాకిన చోటు ఆ క్షణమున కదలదు. ఇరుసు ముందునకు సాగును. చక్రపు పైయంచు ఇరుసుకంటె రెండింతల వేగముతో సాగును. కదలని సూర్యచక్రమే గ్రహచక్రమునకు నేల, చట్రమే ఇరుసు, వలయచక్రము పైయంచున తగిలియుండి ఆ హెచ్చు వేగమును అందుకొనును. సూర్యచక్రమునకు 20 పండ్లు, వలయచక్రమునకు 80 పండ్లు ఉన్నచో, చట్రము 4 చుట్లు తిరిగిన వలయము 5 చుట్లు తిరుగును. మన లెక్కలోని 0.8 ఇట్లు వచ్చినదే.

అమెరికాలో 1934వ సంవత్సరపు క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో కార్లలో ఓవర్‌డ్రైవు కనబడినది. ఇంగ్లండులో కెప్టెన్ ఎడ్గార్ డి నార్మన్‌విల్ అను నాయన కల్పించిన యంత్రమును లేకాక్ సంస్థవారు నిర్మించిరి. అది స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారునకు అమర్చబడెను. నడుపువాడు చిన్న మీట నొక్కిన, నూనె ఒత్తిడి ఒక శంఖాకారపు క్లచ్చిని కదల్చి సూర్యచక్రమును పట్టి నిలుపును. మీట విడిచిన చక్రములన్నియు ఒకటిగా బిగిసి నేరు గేరు వలె తిరుగును. 1973-74లో ముడిచమురు వెల కొలది నెలలలోనే సుమారు నాలుగింతలు పెరిగెను. అప్పటినుండి ప్రతి చుక్కయు లెక్కకు వచ్చినది. క్రమముగా ప్రత్యేక యంత్రము పోయి, గేరుపెట్టెలోనే ఐదవ గేరుగా ఓవర్‌డ్రైవు వెలసినది. అందు పెద్ద పండ్లచక్రము చిన్న పండ్లచక్రమును త్రిప్పును, అంతే. 1990 తరువాతి దశకమున మన దేశపు కార్లలోను ఐదు గేరులు సామాన్యమయ్యెను.

ఇంతవరకు చెప్పినది నేను 22 ఏండ్ల వయస్సుననే ఎరుగుదును. ఆంగ్ల గ్రంథమున చదివి, నిర్వచనమును కంఠస్థము చేసి, పరీక్షలో మంచి మార్కులు సంపాదించితిని. “నిష్పత్తి ఒకటికంటె తక్కువయైన గేరు” అని నిద్రలో లేపి అడిగినను చెప్పగలిగితిని. కాని నాకు తెలియలేదు. ఎప్పుడు తెలిసినదో చెప్పెదను.

1995లో బంధువుల యింట పెండ్లికి మేము సేలము పోవలసివచ్చెను. ఎరిగినవారి కారు నడుపుటకు నాకిచ్చిరి. ఐదు గేరుల కారు. మా నాయన నా ప్రక్కన, అమ్మయు అవ్వయు వెనుక కూర్చుండిరి. మా నాయన జీవితమంతయు లారీ నడిపినవాడు. చదువు మూడవ తరగతి. నేను చదివినవాడనను గర్వము నాకు లోలోపల కలదు. కృష్ణగిరి, ధర్మపురి దాటితిమి. తొప్పూరు కనుమ వచ్చినది. ఆ దిగుడు మీలో పెక్కురు ఎరిగినదే. లారీలు అదుపు తప్పి అచట జరిగిన ప్రమాదములను పత్రికలలో చదువుచునే యున్నాము. దిగుడులో ఐదవ గేరు వేసినచో ఇంజను మెల్లగా తిరుగును గదా, పెట్రోలు మిగులును గదా యని నేను లెక్కవేసితిని. ఐదవ గేరులోనే దింపితిని. బండి వేగము పుంజుకొనుచుండెను. నేను మాటిమాటికి బ్రేకు నొక్కుచుంటిని. కొంతసేపటికి కాలినవాసన వచ్చెను. తరువాత బ్రేకు పెడలు నొక్కినను బండి మునుపటివలె ఆగలేదు. ముందు మలుపు, మలుపులో లారీ.

నా చేతులు చల్లబడెను. మా నాయన కేక వేయలేదు. నెమ్మదిగా, “నాలుక్కి వెయ్యరా. ఇప్పుడు మూడుకి. బ్రేకు వదిలి వదిలి తొక్కు” అనెను. అట్లే చేసితిని. మూడవ గేరు పడగానే ఇంజను గట్టిగా రొద చేసెను. ఎవరో వెనుకనుండి పట్టి లాగినట్లు బండి వేగము తగ్గెను. లారీకి కొంత దూరములో మా బండి అదుపునకు వచ్చెను. వెనుక అమ్మ కన్నులు మూసుకొని యుండెను. అవ్వకు ఏమియు తెలియలేదు, నిద్రపోవుచుండెను.

కనుమ దిగి ఒక టీ అంగడికడ నిలిచితిమి. చక్రములనుండి ఇంకను వేడి వచ్చుచుండెను. మా నాయన టీ త్రాగుచు ఒకే మాట అనెను: “బండికేం తెలుస్తుందిరా, ఎక్కుతుందో దిగుతుందో? అది నీకు తెలియాల.” అంతకుమించి నన్ను కోపింపలేదు. ఆ రాత్రి పెండ్లియింట పడుకొని ఆలోచించునప్పుడు నాకు అవ్వ రాట్నము గుర్తు వచ్చెను. అప్పుడు అంతయు తెలిసెను.

దిగుడులో ఇంజను చక్రములను త్రిప్పదు. చక్రములే ఇంజనును త్రిప్పును. మూడవ గేరులో చక్రములు ఇంజనును వడివడిగా త్రిప్పవలసి యుండును. ఇంజను ఆ పనికి మొరాయించును. ఆ మొరాయింపు గానుగ న్యాయమున పెరిగి చక్రములను వెనుకకు లాగును. ఐదవ గేరులో ఇంజను మెల్లగా తిరుగును. దాని మొరాయింపు రాట్నపు కదురు బలమంత స్వల్పమై చక్రములకు చేరును. అప్పుడు భారమంతయు బ్రేకులపై పడును. 1,000 కిలోల కారు 100 మీటర్ల ఎత్తునుండి దిగునప్పుడు వెలువడు శక్తి సుమారు 3 లీటర్ల నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు చాలును. ఆ వేడిలో ఎక్కువ భాగము ఆ చిన్న బ్రేకులే భరింపవలెనన్న అవి పట్టు కోల్పోవుటలో వింత యేమి? ఇక వందల బస్తాలు మోయు లారీ సంగతి ఊహింపుడు. గేరు తీసివేసి, ఇంజనుకు సంబంధము లేకుండ బండిని దిగుడులో జారవిడుచుట దీనికంటెను ఘోరము. అది చమురు పొదుపు గాదు, ప్రాణములతో జూదము.

కావున ఓవర్‌డ్రైవును వాడవలసిన చోట్లును, వాడగూడని చోట్లును చెప్పి ముగించెదను. సమతలమైన రాజమార్గమున, నిలకడయైన వేగమున, భారము తక్కువగా నున్నప్పుడు దానిని వాడుడు. ఎగుడు ఎక్కునప్పుడు వాడకుడు. ఇంజను మూలుగుచు అదరుచుండగా ఐదవ గేరులోనే తొక్కి పట్టుట దానిని చిత్రహింస పెట్టుటయే. అట్లు చేసిన పెట్రోలును మిగులదు. ముందున్న బండిని దాటవలసినప్పుడు ఒక గేరు తగ్గించి బలమును చేతబట్టుకొని దాటుడు. దిగుడులో, ముఖ్యముగా కనుమలలో, కనుమ దిగకమునుపే గేరు తగ్గించుడు. వేగముకొరకు ఐదవ గేరు అనుకొనుటయు పొరపాటే. వేగము రెండింతలైన గాలి అడ్డు నాలుగింతలగును. దానిని గెలుచుటకు వలయు సామర్థ్యము ఎనిమిదింతలగును. అందుచే కొన్ని కార్లు తమ పరమవేగమును నాలుగవ గేరులోనే అందుకొనును. ఐదవ గేరులో అంత బలము చాలదు.

తమంతట గేరులు మార్చుకొను బండ్లలో కొన్నింటియందు ఓవర్‌డ్రైవునకు ఒక మీట యుండును. ముందరి పలకమీద ‘ఓ/డి ఆఫ్’ అను దీపము వెలిగినచో ఓవర్‌డ్రైవు ఆపబడినదని అర్థము. కొందరు దానిని తలక్రిందులుగా గ్రహించి మోసపోవుదురు. నేటి విద్యుత్ కార్లలో చాలవాటికి ఒకే గేరు. వానికి ఓవర్‌డ్రైవుతో పనిలేదు. రేపు మీరు నడుపు బండిలో ఈ యంత్రము ఉండకపోవచ్చును. అయినను బలమును వేగమును ఒకదానినిచ్చి ఒకదానిని కొనవలెనను ప్రకృతి నియమము మారదు. రెంటిని ఊరక ఇచ్చెదనను యంత్రమును ఎవరైన అమ్మజూపిన కొనకుడు!

చివరి మాట. నేను ఈ విషయమును పరాయి భాషలో కంఠస్థము చేసితిని. అవ్వ రాట్నముతోను, నాయన మాటతోను అర్థము చేసికొంటిని. ఆంగ్లము నేర్వవలదని నా భావము కాదు. మనమున్న రాష్ట్రపు భాష తమిళము నేర్వవలెను, ఆంగ్లమును నేర్వవలెను, గ్రంథములు చదువవలెను. కాని చదివిన ప్రతి విషయమును ఇంటికి పోయి అవ్వకు తెలుగులో చెప్పి చూడుడు. ఆమెకు తెలిసినచో మీకును తెలిసినట్లు. చెప్పలేకపోయితిరా, అది ఇంకను మార్కులకొరకైన చదువే. కనుమ దిగునప్పుడు అది అక్కరకు రాదు.

మా నాయన ఇప్పుడు లేరు. ఆయన మాట మాత్రము ప్రతి సంవత్సరము మా తరగతిలో మొదటిదినమున చెప్పుచున్నాను. నేడు దానిని మీకును అప్పగించితిని. బండి కెక్కుడో దిగుడో తెలియదు. అది మీకు తెలియవలెను.

 మీ ప్రయాణములు సుఖముగా సాగుగాక!